నోబెల్ మ్యూజియంలో ఒక పాత సైకిల్‌ను చూడడం ఎలా

స్వీడన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల దగ్గరికి వేసవిలో వెళ్ళే తెలుగు తల్లిదండ్రులు స్టాక్‌హోమ్ పాతబస్తీ చూడబోయిన రోజున నోబెల్ బహుమతి మ్యూజియానికి కూడా ఒక గంట కేటాయిస్తారు. వారిలో కొందరు ముప్పావు గంటకే బయటికి వచ్చి, ఒక పాత సైకిలూ ఒక సెల్లో టేపూ చూడడానికి ఇంత టికెట్ పెట్టాలా అని విసుక్కుంటారు. ఆ విసుగు అకారణమైనది కాదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెకా శిల్పం ముందు నిలబడిన మనిషికి ఎవరూ ఏమీ చెప్పనక్కర లేదు. పాలరాతిని పలుచని బట్టగా మలచిన ఆ పనితనం కంటి ఎదుటనే ఉంటుంది. నోబెల్ మ్యూజియంలోని వస్తువులు అటువంటివి కావు. వాటిలో పనితనమేమీ ఉండదు. వాటితో ఎవరో చేసిన పని మాత్రం ఉంటుంది, అదైనా కంటికి కనబడదు. ఆ పనిని వస్తువు దగ్గరికి మళ్ళీ తెచ్చుకోవలసిన బాధ్యత చూసేవారిదే. అది ఎలా తెచ్చుకోవాలో, అందుకు ఎంత సమయం పడుతుందో, ఎక్కడ మోసపోయే అవకాశం ఉందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఈ వస్తువులు అక్కడికి ఎలా చేరాయో తెలుసుకోవాలి, ఎందుకంటే చూసే పద్ధతి దాని మీదే ఆధారపడి ఉంటుంది. నోబెల్ బహుమతులకు నూరేళ్ళు నిండిన 2001లో ఈ మ్యూజియం మొదలైంది. అది ఉన్న భవనాన్ని 1770లలో స్టాక్ ఎక్స్ఛేంజి కోసం కట్టారు. సాహిత్య బహుమతిని నిర్ణయించే స్వీడిష్ అకాడమీ ఇప్పటికీ దాని పై అంతస్తులోనే పనిచేస్తోంది. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ వర్ధంతి అయిన డిసెంబర్ 10న బహుమతి ప్రదానం జరుగుతుంది. దానికి కొద్ది రోజుల ముందు ఆ ఏటి గ్రహీతలు మ్యూజియానికి వచ్చి, తమ పనికి గాని జీవితానికి గాని సంబంధించిన ఒక వస్తువును ఇచ్చి వెళ్ళడం ఆచారంగా స్థిరపడింది. మ్యూజియం పుట్టకముందు బహుమతి పొందిన కొందరిని కూడా తరువాత అడిగి వస్తువులు తీసుకున్నారు. కనుక ఇక్కడ చాలా వస్తువులను ఎంచినవారు చరిత్రకారులు కారు, ఆ పని చేసిన మనుషులే. తన జీవితం మొత్తంలోంచి ఒక్క వస్తువును తీసి ఇమ్మంటే ఎవరు ఏది ఇచ్చారన్నది ఆ వస్తువు చెప్పే మొదటి సంగతి. శాంతి బహుమతిని ఓస్లోలో ఇస్తారు కాబట్టి దానికి సంబంధించిన ప్రదర్శనశాల వేరుగా అక్కడే ఉంది. మలాలా యూసఫ్‌జాయ్ మీద దాడి జరిగిన రోజున ఆమె తొడుక్కున్న బడి దుస్తులను, నెత్తుటి మరకలతో సహా, 2014లో అక్కడే ప్రదర్శించారు.

వెళ్ళే ముందు

మ్యూజియం చిన్నది. గామ్లా స్తాన్ మెట్రో స్టేషన్‌లో దిగి రాళ్ళు పరిచిన సందుల గుండా కొద్ది నిమిషాలు నడిస్తే స్టోర్‌టోర్యెట్ అనే పాత చౌకు వస్తుంది, దాని ఒక పక్క మొత్తం ఈ భవనమే. మోకాళ్ళ నొప్పులున్నవారు మెత్తని అడుగున్న బూట్లు వేసుకోవడం మంచిది, ఆ రాళ్ళ మీద చెప్పులతో నడవడం కష్టం. డిసెంబర్‌లో చౌకులో క్రిస్మస్ సంత జరుగుతుంది కాబట్టి జనం కిక్కిరిసి ఉంటారు. పనిదినాలలో ఉదయం తలుపులు తెరిచిన వెంటనే వెళ్ళడం అన్ని కాలాల్లోనూ ఉత్తమం. వేళలు, సెలవులు, టికెట్ ధర ఋతువును బట్టి మారుతుంటాయి. మ్యూజియం వెబ్‌సైటులో ఆ వారంలోనే చూసుకోవాలి. మరొక జాగ్రత్త కూడా అవసరం. వస్తువులన్నీ ఎల్లప్పుడూ ప్రదర్శనలో ఉండవు. కొన్ని గిడ్డంగిలో ఉంటాయి, కొన్ని ఇతర దేశాల ప్రదర్శనలకు ప్రయాణం చేస్తుంటాయి. ఏదైనా ఒక వస్తువు కోసమే వెళ్తున్నట్లయితే ముందుగా ఈమెయిల్ రాసి అడగడం మేలు.

ఇంటి దగ్గర చేయవలసిన తయారీ ఒక్క సాయంత్రం పని. వెయ్యిమందికి దగ్గరగా ఉన్న గ్రహీతలందరినీ చూడాలనుకోకుండా నలుగురైదుగురిని ఎంచుకోవాలి. ఎంచుకున్నవారి జీవిత చరిత్రలు చదవడం వృథా అని నా అభిప్రాయం. బాల్యంలో పడ్డ కష్టాలు, తల్లి ప్రోత్సాహం, గురువు ఆశీర్వాదం అన్ని జీవిత చరిత్రల్లోనూ ఒకేలా ఉంటాయి. చదవవలసినవి రెండే. బహుమతి దేనికి ఇచ్చారో చెప్పే ఒక్క వాక్యం మొదటిది. అది నోబెల్ వెబ్‌సైటులో ప్రతి గ్రహీత పేరు కిందా ఉంటుంది. ఆ వాక్యంలోని పని మొదలుపెట్టే నాటికి లోకానికి ఏమి తెలియదు అన్నది రెండవది. రెండవదానికి జవాబు ఒక కాగితం మీద మన మాటల్లో మూడు పంక్తులు రాసుకోగలిగితే, వస్తువు ముందు నిలబడినప్పుడు దాన్ని ఏ ప్రశ్న అడగాలో తెలుస్తుంది. రాసుకోలేకపోతే ఆ గ్రహీతను వదిలేసి మరొకరిని ఎంచుకోవడంలో తప్పులేదు.

వస్తువు ముందు

అద్దాల పెట్టె దగ్గరికి వెళ్ళగానే చూపు పక్కనున్న వివరణ మీదికి పోతుంది. దానిని కాసేపు ఆపాలి. కనీసం రెండు నిమిషాలు వస్తువును మాత్రమే చూడాలి. ఏ పదార్థంతో చేసినది, ఎక్కడ అరిగింది, ఎక్కడ అతుకు పడింది, ఎవరి చేతి పట్టుకు తగినట్టుగా ఉంది, బజారులో కొన్నదా లేక ఈ పని కోసమే చేయించినదా అని గమనించాలి. బజారులో కొన్న వస్తువైతే, దాని మీద సంతకం గాని రాత గాని ఉందేమో వెతకాలి. ఈ రెండు నిమిషాలు గడిచాక వివరణ చదివితే, అది మన గమనింపుకు జవాబు చెబుతున్నట్టు ఉంటుంది. ముందే చదివితే మన కళ్ళు దానిలో చెప్పినదాన్ని సరిచూసుకోవడంతో సరిపెట్టుకుంటాయి.

తరువాత అడగవలసిన ప్రశ్న ఒకటే, కాని అది కీలకమైనది: ఆ పనిలో ఈ వస్తువుకు ఉన్న పాత్ర ఏమిటి? దానితోనే పని జరిగిందా, పని జరుగుతున్నప్పుడు అది పక్కన మాత్రమే ఉందా, లేక పని అంతా అయిపోయాక గుర్తుగా ఇచ్చినదా? ఈ మూడింటినీ కలిపి చూడడం వల్లనే ఎక్కువమంది నిరాశ పడతారు, లేదా అనవసరంగా పరవశించిపోతారు.

అమర్త్య సేన్ సైకిల్‌ను ఈ పద్ధతిలో చూద్దాం. 1998లో ఆర్థికశాస్త్ర బహుమతి పొందిన సేన్‌ను మ్యూజియానికి జ్ఞాపికలు ఇమ్మని అడిగినప్పుడు ఆయన రెండు ఇచ్చారు: క్రీ.శ. 499 నాటి గణిత గ్రంథమైన ఆర్యభటీయం ప్రతి ఒకటి, బడి రోజుల నుంచీ తన దగ్గరున్న సైకిల్ ఒకటి. ప్రయాణంలో పనికొచ్చిన వాహనం కదా, పక్కన ఉన్న వస్తువుల జాబితాలో చేర్చవచ్చునని మొదట అనిపిస్తుంది. కాని ఆయన పరిశోధన ఎలా జరిగిందో తెలిస్తే దాని స్థానం మారుతుంది. 1943 నాటి బెంగాల్ కరువులో ఇరవై, ముప్పై లక్షల మంది చనిపోయారని అంచనాలున్నాయి. తిండిగింజలు తగ్గిపోవడం వల్లనే కరువు వచ్చిందన్నది అప్పటిదాకా అందరూ నమ్మిన మాట. ఆ ఏడు ధాన్యం లభ్యత అంతకుముందరి కొన్ని సంవత్సరాలతో పోలిస్తే ఘోరంగా పడిపోలేదనీ, బియ్యం ధర పెరిగిన వేగాన్ని కూలి రేట్లు అందుకోలేకపోవడం వల్ల కూలి మీద బతికే కుటుంబాలు అంగట్లో బియ్యం ఉండగానే కొనలేక చనిపోయాయనీ సేన్ చూపించారు. ఆ వాదన నిలబడాలంటే ఆ నాటి కూలి ఎంత, ధర ఎంత అన్న లెక్కలు కావాలి. ఆ లెక్కలు గ్రంథాలయాల్లో లేవు. పొలాల దగ్గరి పాత కొట్టాల్లో, గిడ్డంగుల్లో పడివున్న పద్దుల్లో ఉన్నాయి. బస్సూ రైలూ వెళ్ళని ఆ చోట్లకు ఆయన ఈ సైకిల్ మీద వెళ్ళారు. అదే సైకిల్ మీద శాంతినికేతన్ చుట్టుపక్కల పల్లెలకు వెళ్ళి, అయిదేళ్ళలోపు మగపిల్లలనూ ఆడపిల్లలనూ తూకం వేయించి, ఆడపిల్లలు బరువులో ఎలా వెనకబడుతున్నారో లెక్కగట్టారు. తూకం వేసేటప్పుడు పళ్ళొచ్చిన పిల్లలు కొరుకుతారని సహాయకురాలు జంకితే తానే ముందుకొచ్చి, కొరికించుకోకుండా తూచడంలో ఆరితేరానని ఆయన మురిసిపోయారు. ఆ త్రాసును కూడా మ్యూజియానికి ఇద్దామా అని ఆయనకు ఒక దశలో అనిపించిందట. ఇచ్చి ఉంటే బాగుండేది.

ఇంత తెలిశాక సైకిల్‌ను మళ్ళీ చూడాలి. ఇప్పుడది వాహనం కాదు, లెక్కలు సేకరించిన పరికరం. రసాయన శాస్త్రవేత్తకు గాజు కుప్పె ఎటువంటిదో ఈయనకు ఇది అటువంటిది. సైకిల్‌కూ ఆర్యభటుడి గణితానికీ సంబంధమేమిటని అప్పట్లో ఆయనను చాలామంది అడిగారట. ప్రదర్శనలో ఆ ప్రశ్నను మనమూ వేసుకుని, సిద్ధాంతం ఒక చేతా సేకరణ ఒక చేతా పట్టుకున్న మనిషి ఈ రెంటినీ ఎందుకు కలిపి ఇచ్చి ఉంటాడో ఆలోచించడానికి మరో అయిదు నిమిషాలు కేటాయించవచ్చు. మొత్తం మీద ఆ ఒక్క వస్తువు దగ్గర పావుగంట గడిస్తే అది ఎక్కువేమీ కాదు.

సెల్లో టేపు సంగతి ఇందుకు కొంత భిన్నం. ఆండ్రే గైమ్, కాన్‌స్తాంతిన్ నోవొసెలోవ్ 2010లో భౌతికశాస్త్ర బహుమతి అందుకున్నప్పుడు ఒక గ్రాఫైట్ ముద్దను, గ్రాఫీన్‌తో చేసిన ట్రాన్సిస్టర్‌ను, టేపు బిగించిన ఒక డిస్పెన్సర్‌ను మ్యూజియానికి ఇచ్చారు. పెన్సిల్ ముల్లులో ఉండే గ్రాఫైట్ కార్బన్ పొరల దొంతర. ఆ దొంతరలోంచి ఒకే ఒక పరమాణువు మందం ఉన్న పొరను, అంటే గ్రాఫీన్‌ను, విడదీయడం ఎలాగన్నది సమస్య. ప్రయోగశాలల్లో గ్రాఫైట్ ఉపరితలాన్ని శుభ్రం చేయడానికి టేపు అంటించి పీకి, ఆ టేపును చెత్తబుట్టలో వేయడం అప్పటికే మామూలు. మాంచెస్టర్‌లో వీరు ఆ పారేసే టేపు మీద అంటుకుని ఉన్న పెచ్చులను పరిశీలించి, టేపును మడిచి మళ్ళీ మళ్ళీ పీకుతూ పొరను పలచన చేసుకుంటూ వెళ్ళి గ్రాఫీన్‌ను పట్టుకున్నారు. ఆ ఫలితాన్ని 2004లో ప్రకటించారు. మూడు వస్తువులనూ పని జరిగిన వరుసలో చూడాలి: ముడిసరుకు, పనిముట్టు, ఫలితం. డిస్పెన్సర్ మీద గైమ్ సంతకం ఉండడాన్ని గమనించాలి. సంతకం పెట్టి ఇచ్చిన వస్తువు సాధారణంగా గుర్తుగా ఇచ్చినది. ప్రయోగం చేసిన ఆ టేపు ముక్క ఇదేనని అనుకోవడానికి అది ఆధారం కాదు. అలాగని దాని విలువ తగ్గదు. ఈ కథలో టేపు ప్రత్యేకమైనది కాకపోవడమే అసలు విషయం కాబట్టి, ఏ దుకాణంలోనైనా దొరికే టేపు దానికి సరైన ప్రతినిధి.

వివరణ చదివేటప్పుడు

వివరణ పలక రాసేవారికి చోటు తక్కువ. ఒక పేరు, ఒక సంవత్సరం, రెండు వాక్యాలు మాత్రమే పడతాయి. ఆ ఇరుకులో మనుషులు జారిపోతుంటారు. ఇందుకు అందరూ గుర్తుంచుకోవలసిన ఉదాహరణ స్టాక్‌హోమ్‌లో కాక మ్యూనిక్‌లోని జర్మన్ మ్యూజియంలో ఉంది. యురేనియం కేంద్రక విచ్ఛిత్తిని 1938లో కనిపెట్టిన పరికరాలను అక్కడ ఒక బల్ల మీద అమర్చి, చాలా ఏళ్ళపాటు ఒట్టో హాన్ పని బల్ల అని పేరు పెట్టి ప్రదర్శించారు. ఆ పరిశోధనను హాన్‌తో కలిసి నడిపి, నాజీల బారినుంచి దేశం విడిచి పారిపోయాక దాని ఫలితానికి భౌతికశాస్త్రపరమైన అర్థం చెప్పినవారిలో ఒకరైన లీజె మైట్నర్‌కు అక్కడ దక్కినది సహాయకురాలి స్థానమే. విమర్శలు వచ్చాకనే ఆ వివరణను సవరించారు. 1944 నాటి రసాయనశాస్త్ర బహుమతి కూడా హాన్ ఒక్కరికే వెళ్ళింది. ఈ బల్ల మరో పాఠం కూడా నేర్పుతుంది: నిజానికి ఆ పరికరాలు ఒకే బల్ల మీద ఎన్నడూ లేవు. ఒక గదిలో నమూనాపై న్యూట్రాన్లను పంపి, మరో గదిలో రసాయనిక విభజన చేసి, ఇంకో గదిలో కొలిచేవారు. చూసేవారి సౌకర్యం కోసం మూడు గదులను ఒక బల్లగా కుదించారు.

కాబట్టి ఏ వివరణ చదివినా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పనిలో చేతులు పెట్టిన మిగతా మనుషులు ఎవరు, ఈ అమరిక ఇలాగే ఉండేదా లేక మ్యూజియం కోసం పేర్చినదా? నోబెల్ మ్యూజియంలో మొదటి ప్రశ్న మరీ అవసరం, ఎందుకంటే సైన్సు బహుమతిని ముగ్గురికి మించి పంచకూడదన్న నియమం ఉంది, ప్రయోగాలు మాత్రం ముగ్గురితో ముగియవు. గైడ్ వెంట నడిచే పర్యటనలు ఇంగ్లీషులో దొరుకుతాయి; గైడ్‌ను అడగడానికి ఇంతకంటే మంచి ప్రశ్న లేదు. సాధారణంగా వారు ఈ ప్రశ్నకు సంతోషిస్తారు.

వస్తువులు ఎప్పుడూ విజయాన్నే చూపాలని లేదు. వాషింగ్టన్‌లోని వాయు, అంతరిక్ష మ్యూజియంలో ఒక పావురాల బోను ఉంది. 1964లో న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ ఒక పెద్ద కొమ్ము ఆకారపు యాంటెన్నాతో పనిచేస్తుంటే, ఎటు తిప్పినా తగ్గని సన్నని రొద వినిపించసాగింది. యాంటెన్నాలో గూడు కట్టుకున్న పావురాల రెట్టల వల్లనేమో అనుకుని, బోను పెట్టి వాటిని పట్టి దూరంగా పంపించారు, అవి తిరిగి వచ్చేశాయి. రెట్టలు కడిగారు, రొద తగ్గలేదు. అది విశ్వం పుట్టిన తొలి దశ నుంచి మిగిలిన వికిరణమని తరువాత తేలింది. 1978లో వారికి బహుమతి వచ్చింది. బోను ఆ ఆవిష్కరణకు చేసిన సాయం ఏమీ లేదు. అది ఒక తప్పు అనుమానానికి గుర్తు. నా దృష్టిలో మాత్రం, అనుమానాలను ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ పోవడం అంటే ఏమిటో ఆ బోను చెప్పినంత స్పష్టంగా ఏ పతకమూ చెప్పలేదు.

పతకాల గురించి

పతకాల దగ్గర ఎక్కువసేపు ఆగనవసరం లేదు. అవి బహుమతి ఇచ్చినవారి వస్తువులు, పని చేసినవారి వస్తువులు కావు. ఇప్పటి పతకం 18 క్యారెట్ల బంగారం, 175 గ్రాముల బరువు. 1980కి ముందువి 23 క్యారెట్లవి. అయితే పతకం కనబడినప్పుడు అది అసలుదా నకలుదా అని తప్పక అడగాలి, ఎందుకంటే పతకాలకు ఎదురైన అనుభవాలు అలాంటివి. 1913లో రవీంద్రనాథ్ ఠాగూర్‌కు వచ్చిన పతకం 2004 మార్చిలో శాంతినికేతన్ ప్రదర్శనశాల నుంచి దొంగల పాలైంది. నోబెల్ ఫౌండేషన్ బంగారంతో ఒకటి, కంచుతో ఒకటి నకళ్ళు చేయించి పంపింది. శాంతి బహుమతి పొందిన కైలాశ్ సత్యార్థి తన పతకాన్ని 2015 జనవరిలో రాష్ట్రపతికి అప్పగించారు, అది రాష్ట్రపతి భవన్ మ్యూజియంలో ఉంది. రెండేళ్ళ తరువాత ఆయన ఇంట్లో దొంగలు పడి ఎత్తుకుపోయినది నకలు మాత్రమే. ఇక 1940లో జర్మన్ సైన్యం కోపెన్‌హాగన్‌లో ప్రవేశించినప్పుడు, నీల్స్ బోర్ సంస్థలో దాచిన జర్మన్ భౌతిక శాస్త్రవేత్తలు మాక్స్ ఫాన్ లావె, జేమ్స్ ఫ్రాంక్‌ల పతకాలు ప్రమాదంలో పడ్డాయి. జర్మనీ నుంచి బంగారం తరలించడం నేరం, పతకాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ సంస్థలో పనిచేస్తున్న రసాయన శాస్త్రవేత్త గ్యోర్గ్ ద హెవెషి వాటిని ద్రవరాజం అనే ఘాటైన ఆమ్లాల మిశ్రమంలో కరిగించి, ఆ సీసాను అలమరలో మిగతా సీసాల మధ్య పెట్టేశాడు. సైనికులు దాన్ని ముట్టుకోలేదు. యుద్ధం ముగిశాక ఆ ద్రవం నుంచి బంగారాన్ని తిరిగి తీసి స్టాక్‌హోమ్‌కు పంపితే కొత్త పతకాలు పోతపోశారు. మరి ఆ పతకాలు అసలువా, నకలువా? ఈ ప్రశ్నను పిల్లలకు వేస్తే మధ్యాహ్న భోజనం దాకా వాదించుకుంటారు.

అక్కడ లేనివి

చూసిన వస్తువులను రాసుకున్నట్టే, లేని వస్తువులను కూడా రాసుకోవడం అలవాటు చేసుకోవాలి. కొన్ని భౌతిక కారణాల వల్ల ఉండవు. మేరీ క్యూరీ నోటు పుస్తకాలు పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో సీసపు పూత ఉన్న పెట్టెల్లో ఉన్నాయి. వాటికి అంటుకున్న రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది కాబట్టి వాటిని అందరి మధ్య మామూలుగా తెరిచి పెట్టడం కుదరదు. కొన్ని నియమాల వల్ల ఉండవు. గాంధీజీ పేరు 1937 నుంచి 1948 వరకు అయిదుసార్లు ప్రతిపాదనకు వచ్చింది. ఆయన హత్య జరిగిన 1948లో, జీవించివున్న తగిన అభ్యర్థి లేడని చెప్పి శాంతి బహుమతిని ఎవరికీ ఇవ్వలేదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు తెలుగువారికి గుర్తు చేయనక్కర లేదు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీరంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ఇచ్చి, జీవకణాలకు శక్తినిచ్చే ఏటీపీని వెలికితీసి, ఆ తరువాత లెడర్లీ ప్రయోగశాలల్లో ఫోలిక్ ఆమ్లం తయారీకి, తొలి కేన్సర్ మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్‌కు, బోదకాలు మందుకు, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు దారితీసిన పరిశోధనలను నడిపించిన మనిషి 1948లో, యాభై మూడేళ్ళ వయసులో, న్యూయార్క్‌లో కన్నుమూశారు. స్టాక్‌హోమ్ వెళ్ళిన తెలుగువారు ఆయన పేరును అక్కడ వెతికి, లేదని బాధపడడం కంటే, ఆయన వస్తువు ఒక్కటి ఇవ్వవలసి వస్తే ఏది ఇవ్వవచ్చునో ఆలోచించడం ఎక్కువ ఫలితమిస్తుంది. ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే కలరీమీటర్ అని నా ప్రతిపాదన. వైద్య విద్యార్థులు చాలాకాలం ఆయన పేరు మీదనే ఆ పద్ధతిని నేర్చుకున్నారు.

పిల్లలతో వెళ్ళేవారు ప్రతి వస్తువు దగ్గరా ఆపకుండా, ఒక్కొక్కరిని ఒక్క వస్తువు ఎంచుకోమని చెప్పి, దానిని ఫోటో తీయకుండా పెన్సిల్‌తో బొమ్మ వేయమనడం మంచి ఉపాయం. గీసేటప్పుడు పెద్దలు గమనించని బోల్టులూ గీతలూ వారికి కనబడతాయి. పైకప్పు కింద తీగ వెంబడి కదిలే గ్రహీతల చిత్రాలు వారిని కాసేపు ఆకట్టుకుంటాయి. అలసిపోయాక లోపలి ఉపాహారశాలలో కూర్చోవచ్చు. అక్కడి కుర్చీల అడుగున గ్రహీతలు సంతకాలు చేస్తారు. కుర్చీని తిరగేసి చూడడం అక్కడ తప్పు కాదు, కాఫీ కప్పు బల్ల మీద పెట్టాక మాత్రమే తిప్పాలి. బంగారు రంగు కాగితం చుట్టిన చాక్లెట్ పతకాలు దుకాణంలో దొరుకుతాయి, ఊరికి తీసుకువెళ్ళడానికి అవి తేలిక.

స్టాక్‌హోమ్ వెళ్ళే వీలు లేనివారు ఇదే పద్ధతిని హైదరాబాదులో ప్రయత్నించవచ్చు. బేగంపేటలో, పాత విమానాశ్రయానికి దగ్గరగా, ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో సర్ రొనాల్డ్ రాస్ పేరిట ఒక పాత భవనం ఉంది. 1897 ఆగస్టు 20న రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది సికింద్రాబాదులో పనిచేస్తున్నప్పుడే. దానికే 1902లో వైద్యశాస్త్ర బహుమతి వచ్చింది. ఎండ మండిపోతున్నా పంకా వేస్తే కోసి పెట్టుకున్న దోమలు ఎగిరిపోతాయని దాన్ని ఆపి, చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పుపట్టి, మిగిలిన ఒక్క కంటికటకమూ పగిలిపోయిన స్థితిలో ఆయన ఆ పని ముగించాడు. దోమలతో కుట్టించుకున్న మలేరియా రోగి హుసేన్ ఖాన్‌కు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. భవనాన్ని చూడడానికి ముందుగా విశ్వవిద్యాలయాన్ని సంప్రదించి, తెరిచి ఉంటుందో లేదో కనుక్కుని వెళ్ళాలి. లోపలికి వెళ్ళాక వివరణలు చదవకముందు రెండు నిమిషాలు కిటికీల వైపు చూడాలి: మైక్రోస్కోప్‌కు వెలుతురు ఏ దిక్కు నుంచి వచ్చి ఉంటుంది, రోగి ఎక్కడ కూర్చుని ఉంటాడు, గాలి ఆడని ఆ గదిలో ఆగస్టు మధ్యాహ్నం ఎంత ఉక్కపోసి ఉంటుంది అని. ఆ తరువాత వివరణల్లో హుసేన్ ఖాన్ పేరు ఉందేమో వెతకాలి.